ఒక్క అర్రలో కచేరి, విడిది

నల్లగొండ, పాలమూరు సీమలలో గడచిన రెండు మూడు దశాబ్దములుగా కట్టబడుచున్న ఇండ్లను పరికించినచో, హాలు, వంటయిల్లు, పెద్ద పడకగది, పూజగది తమతమ స్థానములలో కుదురుకొనిన పిమ్మట, ఇంటికి ఒక మూలగా పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గలదియో, అంతకును చిన్నదియో అయిన ఒక అర్ర మిగిలియుండుట తరచుగా కానవచ్చును. పిల్లలు చదువులకును కొలువులకును హైదరాబాదు చేరిన ఇండ్లలో అది వారు ఖాళీచేసి పోయిన గది. కొన్నియెడల అది డాబాపై ఒంటరిగా వేసిన పైగది. దానికి నియతమైన పని లేకపోవుటచేత బియ్యపు బస్తాలు, చెడిపోయిన కూలరు, పెండ్లినాటి సందుకలు ఒకదాని వెంట ఒకటి అందులోనికి చేరి, కొన్నాళ్లకు తలుపు తెరచుటయే కష్టమగును. 2020 మార్చి చివర దేశమంతట రాకపోకలు స్తంభించి, హైదరాబాదు, బెంగుళూరు కొలువులలోని యువతీయువకులు లాప్‌టాప్‌లతో సొంత ఊళ్లకు తిరిగివచ్చి ఇంటినుండియే పనిచేయవలసి వచ్చినప్పుడు, ఆ మూల అర్ర విలువ ఒక్కసారిగా తెలియవచ్చినది. వారిలో పలువురు తరువాత నగరమునకు మరలిపోయినను, వారమున కొన్ని దినములు ఇంటినుండి పనిచేయు పద్ధతి నిలిచినది. 2023లో మహబూబునగరమునను నల్లగొండలోను ఐటీ టవర్లు తెరువబడుటతో, జిల్లా కేంద్రమును విడువకయే అట్టి కొలువులు చేయగోరువారికి ఒక ఆశయు కలిగినది. మరియొక వంక చుట్టముల రాకపోకలు ఏమాత్రమును తగ్గలేదు. బతుకమ్మకు ఆడబిడ్డలు వత్తురు. కార్తికమున కురుమూర్తి జాతరకును, మాఘమున చెరువుగట్టునకును పోవువారు దారిలో ఒక రాత్రి ఆగుదురు. పల్లెనుండి పెద్దదవాఖానకు చూపించుకొన వచ్చిన పెదనాయన రెండు మూడు రాత్రులు ఉండకతప్పదు. ఒక్క అర్ర, రెండు బాధ్యతలు: సమస్య ఇది.

దీనికి నేడు అంగళ్లును ప్రకటనలును చెప్పు సమాధానము సామానుల రూపముననే యుండును. సోఫా కం బెడ్డు కొనుడు, గోడలోనికి మడతపడు మంచము బిగించుకొనుడు, క్రింద సొరుగులు గల బాక్సు మంచము చేయించుడు అని అవి చెప్పుచుండును. వీనిలో ప్రతిదానికిని ఒక గుణమును ఒక దోషమును కలవు; వానిని తరువాత విచారింతును. కాని ఏ సామాను కొనవలెనను ప్రశ్నకంటె ముందు తేల్చుకొనవలసినది ఒకటి కలదు: ఆ గదిలో ఏది కదలక నిలువవలెను, ఏది లేచి తొలగిపోవలెను? ఈ సీమలోని పాత ఇండ్లు దీనికి రెండు భిన్నమైన సమాధానములు చెప్పినవి. ఆ రెండును నేటికిని పనికివచ్చునవియే యని నా నమ్మకము.

మొదటిది పట్వారీ ఇల్లు. నిజాం రాజ్యమున గ్రామపు భూమి లెక్కలు వ్రాయు పట్వారీకి తరచుగా ఇల్లే కచేరి. దర్వాజ దాటగానే వచ్చు బయటి అర్రయో, భవంతి ముందరి వసారాయో ఆ పనికి ఏర్పడియుండెడిది. పహాణీలు, చౌఫస్లాలు, సేత్వారు ప్రతులు గుడ్డలో మూటగట్టిన దఫ్తరములుగా సందుకలోనో గోడగూటిలోనో ఉండెడివి. పనివేళ జంపఖానా పరచి, మోకాలి ఎత్తునకు మించని చిన్న వ్రాతబల్ల ముందు కూర్చుండి లెక్కలు వ్రాసెడివారు. లెక్కలు తనిఖీచేయు గిర్దావరు ఊరికి వచ్చినను, దూరపు బంధువు వచ్చినను దఫ్తరము మూటగట్టుకొని గూటిలోనికి పోయెడిది, వ్రాతబల్ల గోడవారకు జరిగెడిది, పగలెల్ల గోడకు నిలువుగా ఆనించియున్న నులక మంచము వాలెడిది. కచేరి విడిదిగా మారుటకు రెండు నిమిషములు చాలును. ఐతే ఈ సౌకర్యమును స్మరించునప్పుడు దాని వెనుకనున్న కష్టమును మరువరాదు: పర్యటనకు వచ్చిన అధికారికి నీళ్లు, కట్టెలు, కుండలు సమకూర్చు భారము వెట్టి రూపమున ఊరిలోని పేదకులముల వారిపై పడెడిది, ఆ అర్రలోని ఆతిథ్యమునకు కూలి దొరకని చేతులు ఎన్నియో శ్రమపడినవి. 1954-55లో ఖాస్రా పహాణీ తయారైన నాటికిని, ఆ పిమ్మటను ఈ బయటి అర్రలు సజీవముగానే ఉండెను. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము పట్వారీ, పటేలు పదవులను రద్దు చేయుటతో వానిలోని కచేరి అంతరించి, విడిది మాత్రము మిగిలినది.

రెండవది నేతగాని ఇల్లు. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెము వైపునను, ఇటు నారాయణపేట, గద్వాలల యందును పద్మశాలీల ఇండ్లలో ముందరి గది మగ్గమునది. గుంటమగ్గమునకు నేలలో గుంత త్రవ్వవలెను, గుంజలు పాతవలెను. చుట్టము వచ్చెనని దానిని పీకి మూలకు చేర్చుట జరుగదు. పడుగు సగమున నున్నప్పుడు దానిని తాకుటయే అపచారము. కావున అక్కడ కదలవలసినవారు మనుషులు. రాత్రి మగ్గము ప్రక్కన మిగిలిన జాగాలో ఈతచాపలు పరచుకొందురు, ఉదయమున చుట్టి దండెమునకు ఎక్కింతురు, వేసవిలో అందరును వాకిటిలోనికో మిద్దెపైకో పోవుదురు. వచ్చిన చుట్టమునకు ఆ గదిలోని మంచి చోటు, అనగా కిటికి ప్రక్కది, ఇచ్చి ఇంటివారు మిగిలినచోట సర్దుకొందురు. ఆలేరు సమీపమునగల శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి నేతకు ముందు దారమును ఆసు పోయుటలో పడు భుజముల నొప్పిని చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రమును సిద్ధపరచిన కథ లోకవిదితమే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఇంటి గదిలో జరుగు పని ఇంటివారి ఎముకలను ఎట్లు అరగదీయునో ఆ కథ తెలుపును. మేజ, కుర్చీలను గురించి ముందు చెప్పబోవు మాటలను చదువరులు ఆ దృష్టితో గ్రహింతురుగాక.

పట్వారీ ఇంట పని కదలును, మంచము వాలును. నేతగాని ఇంట పని నిలుచును, పడక కదలును. నేటి గృహస్థుడు తాను ఈ రెండింటిలో దేనికి చెందునో ముందు నిశ్చయించుకొనవలెను. సాయంకాలము గంటసేపు దుకాణపు లెక్కలు చూచుకొను వర్తకునికి, పరీక్షాపత్రములు దిద్దు ఉపాధ్యాయునికి, ఎల్ఐసీ ఏజెంటునకు పట్వారీ పద్ధతి చాలును. వారి కచేరి ఒక లాప్‌టాప్ సంచి, రెండు ఫైళ్లు. దినమునకు ఎనిమిది తొమ్మిది గంటలు తెర ముందు కూర్చుండవలసిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మాత్రము పెద్ద తెర, ప్రింటరు, రౌటరు, వాని తీగలు, నడుముకు ఆనుకొను కుర్చీ ఇవన్నియు కలిసి ఒక మగ్గమే యగును. దానిని అనుదినము విప్పి కట్టుమనుట అన్యాయము. ఈ భేదమును గుర్తింపక పొరుగింటివారు కొనినదే తామును కొనుటవలన చాలమంది గది చెడుచున్నది. ఇంటి సామానులను గురించి ఇంత విచారమేల యని యెవరైన అనవచ్చును. పాలమూరు బిడ్డడైన సురవరము ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధములకు బదులు జనుల తిండి, బట్ట, ఆటపాటలనే చరిత్రగా చేసి చూపెను, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము తెలుగున తొలిసారి, 1955లో, ఆ గ్రంథమునకే దక్కినది. ఆ మార్గముననే మంచము, మేజ, గోడగూడుల చరిత్రను ఈ రెండు జిల్లాలకు ప్రత్యేకముగా వ్రాయువారు రావలెనని నా కోరిక.

ఇక కొలతలు. జాతీయ భవన నిర్మాణ నియమావళి నివాసయోగ్యమైన గదికి తొమ్మిదిన్నర చదరపు మీటర్లు, అనగా సుమారు 102 చదరపుటడుగులు, కనీస వైశాల్యముగా చెప్పుచున్నది. రెండు గదులున్న ఇంటిలో రెండవది ఏడున్నర చదరపు మీటర్లున్నను, అనగా 81 చదరపుటడుగులున్నను చాలునని, దాని వెడల్పు మాత్రము ఏడడుగులకు తగ్గరాదని దాని నిర్ణయము. తెలంగాణ ప్రభుత్వము గ్రామములలో కట్టించిన డబుల్ బెడ్‌రూము ఇల్లు మొత్తము 560 చదరపుటడుగులు. 2024లో ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్లకు 400 చదరపుటడుగులు కనీసము. అట్టి ఇండ్లలోని రెండవ గదిని గురించియే మనము మాటాడుచున్నామని మరువరాదు. నూరు చదరపుటడుగుల గదిలో ఆరుంబావు అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల డబుల్ కాట్ వేసినచో ముప్పదియొక్క అడుగులు దానికే పోవును. నాలుగడుగుల మేజకు, దాని ముందు కుర్చీ వెనుకకు జరుగు జాగాకు కలిసి ఇరువది. తలుపు తిరుగుటకు తొమ్మిది. అల్మారాకు, దాని తలుపులు తెరచుటకు పది. మిగిలిన ముప్పది యడుగులును సన్నని సందులుగా చీలిపోవును. వానిలో నడువవచ్చునే కాని ఏ పనియు చేయరాదు. ఏడాదిలో కొద్ది రాత్రులు వచ్చు చుట్టము కొరకు మూడవవంతు నేలను అన్ని దినములును మంచమునకు అప్పగించుట, ఈ జిల్లాలలో నేడు సర్వసాధారణమైన పొరబాటు. పెండ్లిలో పెట్టిన పెద్ద మంచమును పారవేయలేక ఆ గదిలో ఇరికించుట దీనికి ముఖ్యకారణము. ఆ మంచము తలిదండ్రుల గుర్తు, దానియందలి మమకారము గౌరవింపదగినదే. కాని దాని స్థానము పెద్ద పడకగది.

దానికి బదులేమి? సోఫా కం బెడ్డు చూచుటకు ఒద్దికగా నుండును. కాని కూర్చుండుటకు తగినంత మెత్తదనము పండుకొనుటకు తగదు, పండుకొనుటకు తగినంత గట్టిదనము కూర్చుండుటకు తగదు. మడత పడిన చోట పరుపు నడుమ ఒక గట్టు ఏర్పడి చుట్టము నడుమునకు తగులుచుండును. దాని యినుప మడతబందులు రెండు మూడేండ్లకు వదులైనప్పుడు బాగుచేయగల పనివాడు చిన్న పట్టణములలో దొరకుట కష్టము. బాక్సు మంచము క్రింద జాగాను దాచుకొనునదేగాని పైని జాగాను విడువదు. పైగా అది గాలిని క్రిందినుండి రానీయదు, దాని అడుగున చెదలు చేరినను చాలకాలము తెలియదు. గోడలోనికి లేచిపోవు మంచము 20వ శతాబ్ది ఆరంభమున శాన్‌ఫ్రాన్సిస్కోలో విలియం మర్ఫీ పేర ప్రసిద్ధికెక్కినది. ఒంటిగది బ్రతుకునకు అది చక్కని యుపాయము. ఐతే దాని బరువంతయు గోడకు వ్రేలాడును. మన కొత్త ఇండ్లు పిల్లర్లపై నిలుచునవి. లోపలి గోడలు నాలుగున్నర అంగుళముల మందమే, పలుచోట్ల సిమెంటు ఇటుకవి. వానికి మేకు దిగుటయే కష్టము, దిగినది నిలుచుట అంతకంటె కష్టము. కావున అట్టి మంచము కోరువారు దానిని గోడకు గాక నేలకు బోల్టులతో బిగించు చట్రముపై చేయించుట శ్రేయము.

నేను మొగ్గునది ఇంతకంటె సామాన్యమైన ఏర్పాటుకు. మూడడుగుల వెడల్పు గల ఒంటి మంచము, నవారుతో గాని నులకతో గాని అల్లినది, పగలు గోడకు నిలువుగా ఆనించుటకు వీలుగా తేలికైన వేపకఱ్ఱ కోళ్లతో చేయించినది; దానిపై మందము తక్కువగా గల దూదిపరుపు, రెండు మెత్తలు. నులక మంచమునకు క్రిందినుండి గాలి ఆడును. నల్లగొండ వేసవిలో రాత్రిపూట స్లాబు వేడిమి దిగివచ్చుచుండగా, నురుగు పరుపుపై చెమటలో తడియుటకును దీనిపై పండుకొనుటకును గల భేదము అనుభవైకవేద్యము. దీని దోషము నడుమ లోతుపడుట. కాళ్లవైపు తాడును అప్పుడప్పుడు బిగించుచుండిన ఆ దోషము తొలగును. ఇద్దరు వచ్చినచో రెండవవారికి నేలపై చాప, బొంత, పైని పరుపు. షాబాదు బండలు పరచిన పాత ఇండ్లలో ఏప్రిలు, మే నెలల రాత్రులు నేలపడకకు సాటి లేదు. జపానీయులు తరతరములుగా ఇట్లే చేయుచున్నారు: ఇంచుమించు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల తతామి చాపలు పరచిన గదిలో రాత్రి పరుపు పరచి, పగలు దానిని ఒషీరె యను గోడ అరలోనికి మడచిపెట్టి, అదే గదిలో భోజనము, చదువు, అతిథి సత్కారము జరుపుకొందురు. 1936లో సేవాగ్రామము చేరిన గాంధీజీ మట్టిగోడల కుటీరమున చాపపై కూర్చుండి, చిన్న బల్లయే కచేరిగా దేశపు ఉత్తరప్రత్యుత్తరములు నడపిరి. ఫ్రాన్సు సముద్రతీరమున వాస్తుశిల్పి ల కార్బూజియే 1952లో తనకై కట్టించుకొనిన కబానో అను కుటీరము 3.66 మీటర్ల చదరము, అనగా మన పండ్రెండడుగుల గది. మంచము, మేజ, అరలు అన్నియు అందులోనే. చిన్న గది దారిద్ర్యమునకే గుర్తనుకొనువారు ఈ ఉదాహరణములను విచారింపవలెను.

కాని నేలపడకను గుడ్డిగా మెచ్చుకొనరాదు. ఇక్కడ నల్లగొండ జిల్లాకు ప్రత్యేకమైన ఒక దుఃఖమును చెప్పవలసియున్నది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతములలో దశాబ్దములపాటు ఫ్లోరైడు నీరు త్రాగిన పెద్దలకు వెన్నెముక, మోకాళ్లు బిగిసి, నేలపై కూర్చుండుటయు, కూర్చుండి లేచుటయు నరకమైనది. ఆ నీటినుండి ఫ్లోరైడును తొలగించు పద్ధతికి ప్రపంచమంతట నల్లగొండ పేరే నిలిచినదన్నచో ఆ వ్యథ యెంతటిదో ఊహింపవచ్చును. 2015లో చౌటుప్పలున పైలాను వెలసిన మిషన్ భగీరథ పైపులద్వారా కృష్ణనీరు తెచ్చినది. ఐనను ఒకసారి బిగిసిన ఎముకలను ఏ నీరును సడలింపదు. అట్టి పెదతండ్రియో మేనత్తయో హైదరాబాదు దవాఖానకు పోవుచు మన ఇంట ఒక రాత్రి ఆగినప్పుడు, మంచము ఎత్తు మోకాలి ఎత్తునకు సరిగా, పదునెనిమిది అంగుళములుండవలెను. లేచునప్పుడు పట్టుకొనుటకు ప్రక్కన గట్టి కుర్చీయో, గోడకు బిగించిన కఱ్ఱయో ఉండవలెను. నడుమ లోతుపడిన నులక వారికి పనికిరాదు, బిగువైన నవారుగాని పలకపై పరుపుగాని వేయవలెను. ఈ గదిని అమర్చుటలో అన్నింటికంటె ముఖ్యమైనది ఏదని నన్ను అడిగినచో, మంచపు ఎత్తేనని చెప్పుదును.

మేజను గురించి చెప్పవలసినది తక్కువ. రెండడుగుల లోతు, నాలుగడుగుల పొడవు, ముప్పది అంగుళముల ఎత్తు చాలును. పొట్టివారు పాదముల క్రింద పీట వేసికొందురుగాక. పట్వారీ పద్ధతివారికి గోడకు మడతబందులతో బిగించి, పనిలేనప్పుడు క్రిందికి వాల్చు పలక మేలు. కాని దీనికిని గోడ మందమును చూచుకొనవలెను. కుర్చీయందు పిసినారితనము పనికిరాదు, మేజయందు పనికివచ్చును. కాలితో త్రొక్కు పాత కుట్టుమిషను ఇనుప చట్రముపై టేకుపలక వేసి మేజ చేసికొనిన ఇండ్లు కలవు. అట్టివి గట్టివి, అందమైనవి, చెదలకు దొరకనివి. రంపపుపొట్టు పలకల మేజలు మాత్రము వానకాలపు తేమకు ఉబ్బి, చెదలకు సులభముగా లోబడును. చెదలు లేని నేల ఈ సీమలో అరుదు.

పాత ఇంటినుండి మనము పోగొట్టుకొనినవానిలో గోడ మందము మొదటిది. రాయి, మట్టితో కట్టిన ఆ గోడలు అడుగున్నర, రెండడుగుల మందముండెడివి. వానిలోనే గూళ్లు, అరలు, దీపపు గూడు, చిలుకకొయ్యలు ఇమిడియుండెడివి. నేల యంతయు మనుషులకు మిగిలెడిది. నేటి సన్నని గోడలో గూడు త్రవ్వుటకు వీలులేదు. కావున సజ్జయు, గోడకు నిలిపిన అడుగు లోతు అరలును ఆ పని చేయవలెను. అరలు నేలనుండి స్లాబువరకు పోవలెను: పైన అతిథుల బొంతలు, గొంగళ్లు, అదనపు మెత్తలు, నడుమ ఫైళ్లు, పుస్తకములు, క్రింద ఒక అర పూర్తిగా ఖాళీ, చుట్టము సంచి పెట్టుకొనుటకు. ఈ ఖాళీ అరను అందరును మరతురు. తన సంచిని కుర్చీపైనో నేలపైనో పెట్టుకొని, ప్రతిసారి వంగి తీసికొను చుట్టము ఆ ఇంట తాను ఒదుగలేదని లోలోపల అనుకొనును. నాలుగు చిలుకకొయ్యలకు బదులు నేడు అంగడిలో ఇనుప కొక్కెములు దొరకును. అవి లేని గది విడిది కానేరదు.

వేడిమిని గురించి కొంత విస్తరముగా వ్రాయక తప్పదు. వాస్తు చెప్పువారు అతిథుల గదిని వాయవ్యమున ఉంచుమందురు. వాయవ్యపు గదికి ఉత్తరపు గోడయు పడమటి గోడయు బయటివి. మధ్యాహ్నమునుండి సూర్యాస్తమయమువరకు పడమటి గోడ ఎండను త్రాగి, అర్ధరాత్రివరకు దానిని లోనికి విడుచుచుండును. ఆ గోడకు మంచము చేర్చుట చుట్టమును శిక్షించుట. నా సూచన ఇది: పడమటి గోడ పొడవునను పైన చెప్పిన అరలను నిలుపవలెను, పుస్తకములు, బొంతలు, నడుమ గాలి కలిసి ఆ వేడికి కొంత అడ్డమగును. మేజను తూర్పు గోడకు, ఉత్తరపు కొస వేయవలెను. తూర్పుముఖముగా కూర్చుండి పనిచేయువానికి ఉత్తరపు కిటికి ఎడమప్రక్క నుండును. ఉత్తరపు వెలుతురు దినమంతయు ఒక్కతీరున నుండును, కుడిచేత వ్రాయువాని చేతినీడ కాగితముపై పడదు, వీడియో మాటలలో ముఖము చీకటిగా కనబడదు. వాస్తును నమ్మువారికిని నమ్మనివారికిని ఇది సమ్మతమే. మంచము దక్షిణపు లోపలి గోడవెంట, తల తూర్పునకు. తూర్పు గోడ దక్షిణపు కొసను తలుపు. పది అడుగుల గదిలో అరలకు ఒక అడుగు, మంచమునకు ఆరుంబావు పోగా, రెండున్నర అడుగుల తలుపు తిరుగుటకు చాలినంత మిగులును. మంచమును గోడకు నిలిపిన వేళ గది నడుమ నేల యంతయు ఖాళీ.

పైగది యైనచో గోడకంటె స్లాబు ఎక్కువ బాధించును. వేసవికి ముందు మిద్దెపై తెల్లసున్నము వేయుట మన పెద్దల పద్ధతియే. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానమును దీనినే ప్రోత్సహించుచున్నది. ఎండ అధికమైన పొడి ప్రదేశములలో కిటికీల వైశాల్యము నేల వైశాల్యములో పదవవంతు చాలునని నియమావళి చెప్పును; నూరడుగుల గదికి పది చదరపుటడుగుల కిటికి. దానికి దోమల జాలియు, గట్టి ఇనుప గ్రిల్లును తప్పనిసరి: నేడు ఈ జిల్లాల పల్లెలలో కోతులు చేయు బీభత్సము తెలిసినవారు గ్రిల్లులేని కిటికిని తెరచియుంచరు. కూలరు పెట్టువారు దానిని కిటికి బయట నిలిపి, ఎదుట తలుపో వెంటిలేటరో తెరచియుంచవలెను. గాలి పోవు దారి లేనిచో గది చల్లబడుటకు బదులు ఉక్కపోయును, కాగితములు మెత్తబడును. ఇన్వర్టరు బ్యాటరీని మాత్రము పడుకొను గదిలో ఉంచరాదు. చార్జి అగునప్పుడు అది వెలువరించు వాయువు మూసిన గదిలో ప్రమాదకరము.

బట్టల విషయమున ఈ సీమకు దూరదేశపు సాయము అవసరము లేదు. పోచంపల్లి చుట్టుపట్ల నూలును కట్టి రంగులద్ది నేయు చిటికి పని పట్టుచీరలకే పరిమితము కాదు. చౌటుప్పలునకు సమీపమునగల కొయ్యలగూడెమున నూలు చెద్దర్లు, కిటికీ తెరలకు తగిన బట్టలు నేయుదురు. అవి చెమటను పీల్చును, ఉతికినకొలది మెత్తబడును. 1951 ఏప్రిలు 18న వినోబా భావేకు తొలి భూదానము లభించిన ఊరిగా లోకము పోచంపల్లిని ఎరుగును. ఆ ఊరి నేతబట్ట చుట్టముల మంచముపై ఉండుట నల్లగొండ ఇంటికి అందము, నేతగానికి తిండి. చలికాలమునకు పాలమూరు కురుమలు దక్కని గొర్రెల ఉన్నితో నేయు నల్ల గొంగడి ఉన్నది. అది ఒంటికి గరుకని పక్కనపెట్టువారు లోపల నూలు చెద్దరు వేసి కప్పుకొని చూడవలెను. దానికి మరియొక ఉపయోగము కలదు: ఖాళీగోడల చిన్నగదిలో ఫోనులో మాటాడునప్పుడు గొంతు ప్రతిధ్వనించును, మేజ ఎదుటి గోడకు ఒక గొంగడి వ్రేలాడదీసినచో ఆ ప్రతిధ్వని చాలవరకు అణగును. మరుగుపడుచున్న ఒక పనితనమునకు ఈ విధముగనైన కొత్త బ్రతుకు దొరకిన సంతోషము. పాత నారాయణపేట నూలుచీరలతో అమ్మమ్మలు కుట్టిన బొంతలున్నవారు వానిని సందుకలలో ముడుచుకొనక చుట్టములకు ఇచ్చెదరుగాక.

మర్యాదను గూర్చిన విషయములు కొన్ని మిగిలినవి. విడిది గదిలో కచేరి ఉన్నప్పుడు చుట్టమునకు కలుగు మొదటి సంకోచము, తాను పనికి అడ్డముగా వచ్చితినేమో యనునది. తెరపై వెలుగుచున్న దీపములు, గోడకు అంటించిన చీటీలు, సగము వ్రాసిన కాగితములు ఆ సంకోచమును పెంచును. కావున మేజకు ముందు ఒక తెరగుడ్డనో, మూయదగిన తలుపులనో ఏర్పరచి, సాయంకాలము కచేరి కంటికి కనబడకుండ చేయవలెను. లెక్కలు, ఇతరుల కాగితములు ఉన్నవారు ఒక సొరుగునకు తాళము పెట్టించుకొనవలెను. ఇది చుట్టమును అనుమానించుట కాదు, పిల్లలతో వచ్చిన చుట్టమునకు నిశ్చింత. మంచమునుండి చేయిచాచిన అందునట్లు ఒక దీపపు మీట, ఒక ఫోను చార్జింగు ప్లగ్గు, ఒక మంచినీళ్ల చెంబు. రాత్రి స్నానపుగదికి పోవు దారిలో చిన్న దీపము. లోపలినుండి పడు గడియ. ఆడబిడ్డలు వచ్చు ఇంటిలో ఈ గడియ లేకపోవుట క్షమింపరానిది.

చివరకు, ఏ అమరికకును లొంగని చుట్టరికము ఒకటి కలదు. తొలికాన్పునకు పుట్టింటికి వచ్చిన బిడ్డ నెలల తరబడి ఉండును. ఆ గది ఆమెకును పసిబిడ్డకును చెందును. అక్కడ మేజ ముందు కూర్చుండి పెద్దగొంతుకతో మాటాడుటకు తండ్రికిగాని అన్నకుగాని హక్కులేదు. ఆ నెలలలో కచేరి మొత్తము హాలులోనికి తరలిపోవలసినదే. కావున ఇల్లు కట్టునాడే సుతారి గోడలను గీతపెట్టి తొలుచుటకు ముందే, హాలులో ఒక మూలకు రెండు ప్లగ్గులు, ఇంటర్నెట్ తీగకు ఒక గొట్టము, నాలుగడుగుల మేజకు చాలు జాగా చెప్పి పెట్టించుకొనవలెను.